తడి కట్టెల తర్కం

పోటీ పరీక్షల్లో లాజిక్ మార్కులు తెచ్చిపెడుతోంది. మరి ఆలోచన సంగతి? వెతుక్కుంటూ వెళ్తే ఒకవైపు కాశీలో స్థిరపడిన తెలుగువాడు పిల్లల కోసం రాసిన పుస్తకం, మరోవైపు అమెరికా కాలేజీ పిల్లలను బోల్తా కొట్టించిన నాలుగు కార్డులు ఎదురయ్యాయి.

యూజీసీ నెట్ రాసేవాళ్లలో కామర్స్ వాళ్లుంటారు, లైబ్రరీ సైన్స్ వాళ్లుంటారు, ఫిజికల్ ఎడ్యుకేషన్ వాళ్లూ ఉంటారు. ఎవరి సబ్జెక్టు వారిదే అయినా పేపర్-1 మాత్రం అందరికీ ఒక్కటే. యాభై ప్రశ్నలు, వంద మార్కులు, పది యూనిట్లు. వాటిలో ఆరోది లాజికల్ రీజనింగ్. 2019 జూన్ పరీక్ష నుంచి అమల్లోకి వచ్చిన సిలబస్ చూస్తే ఈ యూనిట్‌లో సగం అరిస్టాటిల్ వాటా, సగం న్యాయసూత్రాలు రాసిన గౌతముడి వాటా. మూడ్, ఫిగర్, వెన్ చిత్రాల పక్కనే ప్రమాణాలు, వ్యాప్తి, హేత్వాభాసాలు బారులు తీరి ఉంటాయి. పరీక్ష ఇంగ్లిషులో, హిందీలోనే ఉంటుంది కాబట్టి మన పిల్లలు ఈ మాటలన్నిటినీ ఇంగ్లిషు అక్షరాల్లో బట్టీ పడతారు. 'సవ్యభిచార'ను ఎలా పలకాలో తెలియకుండానే దాని ఆప్షన్‌ను సరిగ్గా గుర్తించి రెండు మార్కులు పట్టుకొస్తారు.

కాలేజీలు తెరిచే రోజులు కదా, 'మన పిల్లలకు ఆలోచించడం నేర్పుతున్నారా?' అని ముఖచిత్ర కథనం కావాలన్నది సంపాదకుడి పురమాయింపు. గడువు శుక్రవారం. మర్యాదగా అయితే 2020 జాతీయ విద్యావిధానం పత్రంతో మొదలుపెట్టాలి, విమర్శనాత్మక ఆలోచన అనే మాట అందులో చాలాచోట్ల ఉంది. అయితే విధాన పత్రాలను ఆదివారం పూట ఎవరు చదువుతారు గనక! ఆరో యూనిట్‌లోని ఆ బారెడు మాటలు ఎక్కడివో చూద్దామని బయల్దేరితే దారి చివర ఒక చిన్న పుస్తకం కనిపించింది. ఇక్కడి నుంచి కథనంలో పెద్ద వాటా దానిదే.

ఆ పుస్తకం తర్కసంగ్రహం. రాసింది అన్నంభట్టు. పదిహేడో శతాబ్దపు తెలుగు పండితుడు, కాశీలో స్థిరపడ్డాడు. పాణిని అష్టాధ్యాయికి 'మితాక్షర' అనే వృత్తి కూడా ఈయనదే. కాశీ వెళ్లొచ్చినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడని పండితుల్లో ఒక నానుడి ఉంది. ఎత్తిపొడుపే గానీ ఒక పాఠ్యపుస్తక రచయితకు ఇంతకన్నా పెద్ద బిరుదు దొరకదు. మూలం మటుకే అచ్చువేస్తే ఇరవై పేజీలు నిండవు. చిన్న పిల్లలకు తేలిగ్గా అర్థం కావడానికి రాస్తున్నానని మొదట్లోనే చెప్పుకున్నాడు. తర్వాత ఆ తేలిక తనకే చాలలేదో, శిష్యులు పీకల మీద కూర్చున్నారో గాని, దానికి 'దీపిక' అని తనే వ్యాఖ్య రాసుకున్నాడు. 1840ల్లో కాశీ సంస్కృత కళాశాల అధిపతి బాలంటైన్ దీన్ని ఇంగ్లిషులో పాఠాలుగా చెప్పాడు. 1897లో బొంబాయి సంస్కృత గ్రంథమాలలో అఠల్యే, బోడస్‌ల ఇంగ్లిషు వివరణతో వచ్చింది. మద్రాసులో కుప్పుస్వామి శాస్త్రి 1932లో భారతీయ తర్కానికి ఇంగ్లిషులో ప్రవేశిక రాస్తూ దీన్నే ఆధారం చేసుకున్నారు. దేశంలో ఏ మూలైనా న్యాయశాస్త్రం, అంటే మన తర్కం, చదవాలనుకున్న పిల్లవాడి చేతికి మొదట వచ్చేది ఇదే. మన తిరుపతి సంస్కృత విశ్వవిద్యాలయమూ అందుకు మినహాయింపు కాదు.

వంటింట్లో చూశాను, చెరువులో చూడలేదు

పుస్తకం మొదట్లో ప్రపంచాన్ని ఏడు పదార్థాలుగా విడగొట్టే పట్టిక ఉంది. ద్రవ్యాలు తొమ్మిది, గుణాలు ఇరవై నాలుగు, కర్మలు ఐదు. నిజం చెప్పాలంటే ఆ భాగం కోచింగ్ సెంటర్ నోట్సులానే నడుస్తుంది. ప్రాణం లేచొచ్చేది అనుమాన ఖండంలో. ఇక్కడ అనుమానం అంటే సందేహం కాదు, కనిపించినదాన్ని బట్టి కనిపించనిదాన్ని ఊహించడం.

దూరంగా కొండ. దాని మీద పొగ. నిప్పు కనిపించదు. అయినా అక్కడ నిప్పుందని ఒకడు అంటాడు. పక్కవాణ్ని ఒప్పించాలంటే ఐదు మెట్లు ఎక్కాలి. కొండ మీద నిప్పుంది అనడం ప్రతిజ్ఞ. పొగ ఉంది కాబట్టి అనడం హేతువు. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లో చూడలేదా అనడం ఉదాహరణ. ఈ కొండ కూడా అలాంటి పొగ ఉన్నదే అనడం ఉపనయం. అందుకని నిప్పుంది అని తేల్చడం నిగమనం.

సోక్రటీస్ మరణించేవాడేనని తేల్చే మూడు వాక్యాల వాదం డిగ్రీ పుస్తకాలన్నిటిలో ఉంటుంది. దాన్ని చదివి వచ్చినవాళ్లకు ఈ ఐదూ సాగదీతలా అనిపిస్తాయి. పంతొమ్మిదో శతాబ్దపు పాశ్చాత్య పండితులు కొందరు ఆ మాట అననే అన్నారు. కానీ ఈ ఐదు వాక్యాల ముందూ ఒక్కో ప్రశ్న పెట్టి చదివితే కథ మారిపోతుంది. ఏమంటావు? ఎందుకని? ఎక్కడ చూశావు? అయితే ఇక్కడికేమిటి సంబంధం? చివరికి ఏం తేలింది? ఎదుట ఒక మొండిఘటం కూర్చుని అడుగుతుంటే ఈ జవాబులు వచ్చాయన్నమాట. తనకు తాను ఊహించుకోవడానికి ఇంత అక్కర్లేదని అన్నంభట్టు స్పష్టంగానే విడదీశాడు. అది స్వార్థానుమానం, ఇది పరార్థానుమానం. ఐదు మెట్లూ ఎదుటివాడి కోసమే.

మూడో మెట్టు దగ్గర కాసేపు ఆగాలి. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది అన్న సూత్రం ఒక్కటీ చెప్పి ఊరుకుంటే చాలదు, వంటిల్లు చూపించాలి. ఎదుటివాడు రోజూ చూసే చోటు, కావాలంటే ఇప్పుడే లేచి వెళ్లి చూసి రాగల చోటు. అంతేకాదు, నిప్పు లేనిచోట పొగ కూడా లేదని చూపించడానికి చెరువు ఉండనే ఉంది. వంటిల్లు సపక్షం, చెరువు విపక్షం. ఒకటి కలిసొచ్చే సాక్షి, మరొకటి అడ్డుపడలేని సాక్షి. సూత్రానికి ఎప్పుడూ ఒక ఊరు, ఒక చిరునామా ఉండాలన్న ఈ పట్టుదలే తర్కసంగ్రహంలో అన్నిటికన్నా ముచ్చటైన సంగతి. ఆరో యూనిట్ గైడ్లలో మొదట ఎగిరిపోయేది కూడా ఇదే. అక్కడ ఉదాహరణ అన్నది ఐదింటిలో మూడో పేరు, అంతే. క్రమంలో పెట్టమని ప్రశ్న వస్తుంది.

వందసార్లు చూశాను కదా, చాలదా? ఈ సందేహానికి అన్నంభట్టు దీపికలో వజ్రాన్ని పట్టుకొచ్చి జవాబు చెప్పాడు. మట్టితో అయిన వస్తువు ఏదైనా ఇనుముతో గీకితే గీత పడుతుంది. కుండ, ఇటుక, రాయి, ఎన్ని వందలసార్లు గీకి చూసినా అంతే. ఆనాటి లెక్కలో వజ్రమూ పార్థివమే. దాని మీద మాత్రం గీత పడదు. వందల సాక్ష్యాలు ఒక్క రాయి దగ్గర కూలిపోయాయి. ఎన్నిసార్లు చూశామన్నది లెక్క కాదు, తప్పిన సందర్భం ఒక్కటైనా ఉందా అని వెతికామా లేదా అన్నదే లెక్క అంటాడు. ఉదాహరణ ఆయన సొంతం కాదు, పాత గ్రంథాల నుంచి వచ్చిందే. అయినా ఆయన రాస్తున్న శతాబ్దంలోనే కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో వేలమంది వజ్రాల కోసం తవ్వుతున్నారన్న సంగతి తలుచుకుంటే సరదాగా ఉంటుంది.

పొగకు నిప్పు చాలదు

ఇప్పుడు వాదాన్ని తిరగేద్దాం. కొండ మీద నిప్పుంది కాబట్టి పొగ ఉంది. వినడానికి బాగానే ఉంది. వంటింట్లో రెండూ ఉన్నాయి కూడా. కానీ కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప ముద్దను చూడండి. నిప్పుంది, పొగ లేదు. మరి వంటింట్లో పొగ ఎందుకొచ్చింది? కట్టెలు తడివి కాబట్టి.

ఈ తడి కట్టెలకు నైయాయికులు పెట్టిన పేరు ఉపాధి. దాన్ని గుర్తుపట్టడానికి రెండు పరీక్షలు. ఏ ఫలితం గురించి మాట్లాడుతున్నామో అది ఉన్నచోటల్లా ఉపాధి ఉండాలి: పొగ ఉన్నచోటల్లా తడి కట్టె ఉంది. ఏ కారణం చూపిస్తున్నామో అది ఉన్నచోటల్లా ఉపాధి ఉండకూడదు: నిప్పున్న ప్రతిచోటా తడి కట్టె లేదు. ఈ రెండూ కుదిరాయా, ఇక ఆ వాదం చెల్లదు. చూపించిన కారణం వెనకాల అసలు పని చేసింది మరొకటి నక్కి ఉందని అర్థం. స్టాటిస్టిక్స్ క్లాసులో ఇప్పుడు చెప్పే 'కన్‌ఫౌండర్' ఇంచుమించు ఇదే వేషం.

దీన్ని మే, జూన్ నెలల్లో విజయవాడలోనో హైదరాబాద్‌లోనో రోడ్డు మీదకు తీసుకెళ్దాం. ప్రతి కూడలిలో ఒక హోర్డింగ్. వరసగా పాస్‌పోర్టు ఫొటోలు, కింద ర్యాంకులు. వాదం ఏమిటంటే ఈ కాలేజీలో చదివారు, కాబట్టి ర్యాంకు వచ్చింది. రెండు పరీక్షలూ పెట్టండి. ర్యాంకు వచ్చిన ప్రతి పిల్లవాణ్నీ ప్రవేశ పరీక్ష పెట్టి ఏరి ప్రత్యేక సెక్షన్‌లో కూర్చోబెట్టారా? చాలాచోట్ల జవాబు అవుననే వస్తుంది. ఆ కాలేజీలో చదివిన ప్రతి పిల్లవాడూ అలా ఏరిన వాడేనా? కాదు. వెనక సెక్షన్లలో వందల మంది ఉన్నారు, ఫీజు వాళ్లూ అంతే కట్టారు, వాళ్ల ఫొటోలు హోర్డింగ్ మీద లేవు. వాళ్లే ఇక్కడ కాలిన ఇనుప ముద్దలు. నిప్పుంది, పొగ రాలేదు. కాలేజీ బోధన మంచిది కాదని దీనివల్ల తేలదు. ఆ హోర్డింగ్ వల్ల మంచిదనీ తేలదు. ఇంత చిన్న తేడాను తల్లిదండ్రుల చేత గుర్తుపట్టించగలిగితే ఆరో యూనిట్‌కు రెండు మార్కుల కన్నా ఎక్కువే ఇవ్వొచ్చు.

తడి కట్టెలు హేత్వాభాసాల్లో, అంటే హేతువులా కనిపించే తప్పుడు హేతువుల్లో, ఒక రకానికి మాత్రమే ఉదాహరణ. మొత్తం ఐదు జాతులు. కొన్నిటిని చూస్తే మన చుట్టూ తిరిగే మాటలు గుర్తొస్తాయి. కొండ మీద నిప్పుంది, ఎందుకంటే కొండ తెలుసుకోదగిన వస్తువు అన్నాడనుకోండి. చెరువు కూడా తెలుసుకోదగినదేగా! హేతువు అన్నిటికీ వర్తిస్తే ఏదీ రుజువు కాదు. మీరెంత కష్టపడినా గుర్తింపు తక్కువ అని చేయి చూసి చెప్పే జోస్యం ఈ కోవలోది. ఆ మాట ఎవరికి వర్తించదు గనక? శబ్దం నిత్యమైనది, ఎందుకంటే అది పుట్టింది కాబట్టి అన్నది విరుద్ధం. పుట్టినది పోతుంది కాబట్టి హేతువు అడ్డం తిరిగి ఎదుటి పక్షాన్ని నిలబెట్టింది. ఈ మందు రోగాన్ని సమూలంగా నయం చేస్తుందండీ, పదేళ్లుగా రోజూ వేసుకుంటున్నా అనేవాళ్లను మనం చూడకపోలేదు. హేతువు అసలు అక్కడ లేనే లేకపోతే స్వరూపాసిద్ధం. అరకు కొండల మీద పొద్దున్నే లేచే మంచును పొగనుకుని నిప్పుందనడం లాంటిది. ఎక్కడిదో పాత వీడియోను మన ఊరి వరద అని వాట్సాప్‌లో తిప్పేవాళ్ల వాదమంతా ఇదే మంచు మీద నిలబడి ఉంటుంది. ఇక నిప్పు చల్లగా ఉంటుంది, ఎందుకంటే అది ద్రవ్యం కాబట్టి, నీళ్ల లాగా అని ఎవడన్నా వాదిస్తే? వాదం రూపం దిద్దినట్టుంది. కానీ వేలు పెట్టి చూస్తే చాలు. అది బాధితం.

ఆవులైన పిల్లులు

నంద్యాల బ్యాంకు కోచింగులకు పెట్టింది పేరు. అక్కడైనా, అమీర్‌పేటలోనైనా సిలాజిజం క్లాసులో ఇలాంటి ప్రశ్న తప్పదు: పిల్లులన్నీ కుక్కలు. కుక్కలన్నీ ఆవులు. కొన్ని ఆవులు పిల్లులా? పరీక్షలో జవాబు అవును. మూడు వృత్తాలు ఒకదాంట్లో ఒకటి గీస్తే కనిపిస్తూనే ఉంటుంది. అరిస్టాటిల్ సంప్రదాయంలోనూ అవుననే జవాబు.

అదే ప్రశ్నను అమెరికన్ కాలేజీల్లో దశాబ్దాలుగా నడుస్తున్న ఇర్వింగ్ కోపీ పాఠ్యపుస్తకం ప్రకారం దిద్దితే మార్కు పోతుంది. 'అన్నీ' అనే వాక్యాలు ఆ వస్తువులు ఉన్నాయని హామీ ఇవ్వవు, 'కొన్ని' అనే వాక్యం ఇస్తుంది, కాబట్టి మొదటి రెండింటి నుంచి మూడోది రాదు అంటుంది ఆ పుస్తకం. పంతొమ్మిదో శతాబ్దంలో బూల్, వెన్ తెచ్చిన మార్పు ఇది. ఆరో యూనిట్‌లో అరిస్టాటిల్ సంప్రదాయపు విరోధ చతురస్రమూ ఉంది, వెన్ చిత్రాలూ ఉన్నాయి. రెండూ ఈ ఒక్క విషయంలో కొట్టుకుంటాయన్న సంగతి చెప్పకుండానే చాలా క్లాసులు దాటేస్తాయి. చెబితే పిల్లలు గందరగోళపడతారనే భయం కావచ్చు. నిజానికి లాజిక్ క్లాసులో పిల్లలు నిద్ర లేచే ఘట్టం అదే అయ్యుండేది.

అన్నంభట్టు దగ్గర దీనికీ ఒక పువ్వుంది. ఆకాశంలో పూసిన తామర సువాసన వేస్తుంది, ఎందుకంటే అది తామర కాబట్టి, కొలనులో తామర లాగా. సూత్రం సరే, ఉదాహరణ సరే, పోలిక సరే. పువ్వే లేదు. దాన్ని ఆశ్రయాసిద్ధమని పక్కన పెట్టేస్తాడు. ఎవరి గురించి మాట్లాడుతున్నామో వాళ్లు ఉన్నారా లేరా అన్నది ముందు తేల్చుకోవాలి, తర్వాతే వాదం. కుక్కలైన పిల్లులను ఈయన క్లాసులో గుమ్మం దాటనిచ్చేవాడు కాదు.

చరిత్ర, గుక్క తిప్పుకోకుండా

స్థలం తక్కువ కాబట్టి చరిత్ర ఒక్క పేరాలో. గౌతముడి న్యాయసూత్రాలు పదహారు పదార్థాలతో వాదానికి చట్టం కట్టాయి. అసలు ప్రమాణాలకు ప్రమాణమేమిటని నాగార్జునుడు వాటి పునాదినే ప్రశ్నించాడు. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు హేతువుకు మూడు లక్షణాలుండాలని బిగించాడు. ఆయన వేంగి సమీపంలోని ఒక కొండ మీద హేతువిద్య గ్రంథం రాశాడని ఏడో శతాబ్దంలో ఆంధ్రదేశానికి వచ్చిన హ్యుయెన్ త్సాంగ్ నమోదు చేశాడు. పద్నాలుగో శతాబ్దంలో మిథిలలో గంగేశుడి తత్త్వచింతామణితో నవ్యన్యాయం మొదలై నవద్వీపం చేరింది. అక్కడి నుంచి వచ్చిన భారీ సరంజామాను అన్నంభట్టు ఇరవై పేజీలకు కుదించాడు. ఇంగ్లిషు చదువులతో అరిస్టాటిల్ వచ్చాడు, మన ఇంటర్మీడియట్ ఆర్ట్స్ గ్రూపుల్లో లాజిక్ ఒక ఐచ్ఛికమైంది, ఇంజినీరింగ్ గాలికి ఆ క్లాసులు పలచబడ్డాయి, పోటీ పరీక్షల పుణ్యమా అని రీజనింగ్ పేరుతో మళ్లీ దొడ్డిదారిన వచ్చాయి.

నలభై గంటల క్లాసు, మూడు శాతం

ఇంతకీ కాలేజీలో లాజిక్ చదివితే బుర్ర పదునెక్కుతుందా? ఈ ప్రశ్నను అమెరికాలో నేరుగానే పరీక్షించారు. ముందు ఆ పరీక్ష చూడాలి. బ్రిటిష్ మనస్తత్వవేత్త పీటర్ వాసన్ 1966లో ప్రచురించినది. తెలుగు అక్షరాల్లోకి మార్చుకుంటే ఇలా ఉంటుంది. బల్ల మీద నాలుగు కార్డులు: ఆ, క, 4, 7. ప్రతి కార్డుకు ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె. ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉంటుందన్నది నియమం. ఆ నియమం నిజమో కాదో తేల్చడానికి ఏ కార్డులు తిప్పి చూడాలి?

చాలామంది 'ఆ' ఒక్కటీ అంటారు, లేదా 'ఆ', 4 అంటారు. సరైన జవాబు 'ఆ', 7. నాలుగు వెనక హల్లు ఉన్నా నియమానికి వచ్చిన నష్టం లేదు. ఏడు వెనక అచ్చు బయటపడితే మాత్రం నియమం పోతుంది. కాలేజీ విద్యార్థుల్లోనే పదిమందిలో ఒక్కరు సరిగ్గా చెప్పడం గగనమైంది.

1986లో ప్యాట్రీషియా చెంగ్, కీత్ హోలియోక్, రిచర్డ్ నిస్బెట్, లిండ్సే ఆలివర్ లాజిక్ ప్రవేశిక కోర్సు చదివే విద్యార్థులకు సెమిస్టర్ మొదట్లో, చివర్లో ఇలాంటి ప్రశ్నలు ఇచ్చారు. మధ్యలో సుమారు నలభై గంటల క్లాసు జరిగింది. 'అయితే' వాక్యాల నియమాలన్నీ బోర్డు మీద నడిచాయి. చివరికి సగటున పెరిగింది 3 శాతం. గణాంకాల దృష్టిలో అది పెరుగుదల కిందకే రాదు.

మరి మనుషులకు ఈ తర్కం చేతకాదా అంటే, చేతనవును. 1982లో రిచర్డ్ గ్రిగ్స్, జేమ్స్ కాక్స్ ఫ్లోరిడాలో కార్డులను మార్చారు. బీరు, కోక్, 22 ఏళ్లు, 16 ఏళ్లు. బీరు తాగుతుంటే 19 దాటి ఉండాలన్నది నియమం, అప్పట్లో అక్కడి చట్టం అదే. ఎవర్ని తనిఖీ చేయాలి? బీరు తాగేవాణ్ని, పదహారేళ్లవాణ్ని అని నూటికి డెబ్బైమందికి పైగా ఠక్కున చెప్పారు. లెక్క అదే, చట్రం అదే. మన దగ్గర ఏ ఆర్టీసీ కండక్టరైనా ఇదే చేస్తాడు. స్టూడెంట్ పాస్ చూపించినవాణ్ని ఐడీ కార్డు అడుగుతాడు, ఫుల్ టికెట్ కొన్నవాణ్ని అడగడు.

అంటే అక్షరాలు, అంకెలతో నడిచే నియమం బుర్రకు అంటదు. అనుమతి, బాధ్యత, మోసం లాంటి బతుకు వ్యవహారం తోడైతే అంటుతుంది. చెంగ్ బృందం ఆ దారిలో, నియమాలను అనుమతులు, బాధ్యతల రూపంలో కాసేపు నేర్పి చూస్తే ఫలితం మెరుగైంది కూడా. రెండేళ్ల తర్వాత లీమన్, లెంపర్ట్, నిస్బెట్ పీజీ చదువుల మీద ఇంకో పరిశీలన చేశారు. మనస్తత్వశాస్త్రం, వైద్యం చదివినవాళ్లు రోజువారీ విషయాల్లో గణాంక తర్కాన్ని బాగా వాడటం మొదలుపెట్టారు. రసాయనశాస్త్రం వాళ్లలో ఆ మార్పు పెద్దగా కనిపించలేదు. రోగులు, మనుషుల ప్రవర్తన అంటే అటూ ఇటూ కాని సాక్ష్యాలతో ఏళ్లతరబడి కుస్తీ, ల్యాబ్‌లో పరీక్షనాళిక అంతగా తికమకపెట్టదన్నది పరిశోధకుల ఊహ.

ఇక్కడ ఈ కథనం పక్షపాతం దాచుకోవడం లేదు. మూడో మెట్టుగా వంటిల్లు లేకుండా వాదం పూర్తి కాదన్న అన్నంభట్టు, బీరు కార్డులతో గ్రిగ్స్ ఒకే వైపు నిలబడ్డారు. అన్నంభట్టు మనస్తత్వ ప్రయోగాలు చేయలేదు, ఎదుటివాణ్ని ఒప్పించడానికి ఏం కావాలో వాదనల సంప్రదాయం ఆయనకు నేర్పింది. మన కోచింగ్ గదులు మాత్రం ఏ, బీ, సీల దగ్గరే ఆగిపోయాయి. వాళ్లను తప్పుపట్టడమూ న్యాయం కాదు. ప్రశ్నకు నలభై సెకన్లు కూడా దొరకని చోట షార్ట్‌కట్ నేర్పకపోతే పిల్లలే లేచిపోతారు. డిగ్రీ కాలేజీకి ఆ తొందర లేదు కదా. ఒక హోర్డింగ్, ఒక వాట్సాప్ ఫార్వర్డ్, ఒక మందుల ప్రకటన తెచ్చి బల్ల మీద పెట్టి, ఇందులో తడి కట్టె ఎక్కడుందో వెతకమంటే గంట గడిచిందే తెలియదు.

బాక్స్: అమెరికా దారిలో తీసేసిన ప్రశ్న

జీఆర్ఈ రాసిన తెలుగు పిల్లలకు 'ఎనలైజ్ యాన్ ఆర్గ్యుమెంట్' గుర్తుండే ఉంటుంది. పత్రికకు రాసిన ఉత్తరమో, కంపెనీ మేనేజర్ నోట్‌నో ఇచ్చి, ఈ వాదం నిలబడాలంటే ఇంకా ఏ సాక్ష్యం కావాలో అరగంటలో రాయమనేవారు. ఫలానా ఊళ్లో ఇలా చేస్తే అమ్మకాలు పెరిగాయి, మన ఊళ్లోనూ చేద్దాం తరహా వాదాలు. ఉపాధిని వెతకడానికి ఇంతకన్నా మంచి మైదానం లేదు. ప్రశ్నల జాబితా మొత్తం ముందే అందుబాటులో ఉండేది కాబట్టి మనవాళ్లు దీనికీ టెంప్లేట్లు తయారుచేసి, ఖాళీలు నింపడం నేర్చుకున్నారు. 2023 సెప్టెంబరులో జీఆర్ఈని రెండు గంటల లోపుకు కుదించినప్పుడు ఎగిరిపోయిన వాటిలో ఈ వ్యాసం ఒకటి. 'ఇష్యూ' వ్యాసం మిగిలింది. సొంత అభిప్రాయం రాయడం ఉండిపోయి ఎదుటివాడి వాదాన్ని పట్టి చూడటం పోయింది.

మన దగ్గర లా ప్రవేశానికి జరిగే క్లాట్ 2020లో దీనికి ఎదురుదిశలో నడిచింది. పజిళ్లు తగ్గించి, పేరాలు ఇచ్చి అందులోని వాదాన్ని విప్పమంటోంది.

బాక్స్: టీవీ చర్చకు గౌతముడి స్కోరుబోర్డు

న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలు చేశాయి. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తన పక్షమంటూ లేకుండా ఎదుటివాణ్ని పడగొట్టడానికే చేసేది వితండ. వాటిలో పాల్గొనేవాడు ఓడిపోయినట్టు లెక్కించే సందర్భాలు ఇరవై రెండు. పేరు నిగ్రహస్థానాలు. రాత్రి తొమ్మిది గంటల చర్చ పెట్టుకుని ఇవి ఎన్ని కనిపిస్తాయో లెక్కపెట్టుకోవచ్చు.

అర్థాంతరం: అడిగింది ఒకటైతే మరొకటి చెప్పడం. మతానుజ్ఞ: మీ హయాంలో జరగలేదా అనడం. తన మీద ఆరోపణకు జవాబివ్వకుండా ఎదుటివాడి మీదకు తోసేస్తే ఆరోపణను ఒప్పుకున్నట్టే లెక్క. అవిజ్ఞాతార్థం: మూడుసార్లు చెప్పినా సభకు, ఎదుటివాడికి అర్థం కాకుండా మాట్లాడటం. అననుభాషణం: ఎదుటివాడు మూడుసార్లు చెప్పి, సభకు అర్థమైన మాటను కూడా తిరిగి చెప్పలేకపోవడం. విక్షేపం: వేరే పనుందంటూ చర్చ మధ్యలో లేచిపోవడం. చొక్కాకు తగిలించిన మైకు పీకేసి వెళ్లడం దీని కొత్త రూపం.

వీటన్నిటిలో చిత్రమైనది పర్యనుయోజ్యోపేక్షణం. ఎదుటివాడు ఓడిపోయే తప్పు చేశాడు, మీరు గమనించలేదు, ఎత్తిచూపలేదు. అప్పుడు ఓటమి మీ ఖాతాలో పడుతుంది. అయితే దాన్ని ప్రకటించేదెవరు? తప్పు చేసినవాడు తన గుట్టు తాను విప్పుకోడు, చూడనివాడికి తెలియనే తెలియదు. ఎవరు ఓడారని అడిగినప్పుడు సభ చెప్పాలని భాష్యకారుడు వాత్స్యాయనుడు తేల్చాడు. టీవీ చర్చలో ఆ సభ స్థానంలో యాంకర్ ఉంటాడు, సాధారణంగా ఆ సమయానికి ఆయన కూడా మాట్లాడుతూనే ఉంటాడు.